మూడో సైకిల్

ఫతేనగర్ బ్రిడ్జి దిగినంక
ఎడమ దిక్కు మూడో షట్టరు నాది.
గేట్లు చేస్త, గ్రిల్లులు చేస్త,
నీళ్ల ట్యాంకులకు కాళ్లు పెడ్త.
ఇంటినే జీపుకు తగిలిచ్చుకొని వస్తరని
నాకెవ్వరు చెప్పలె.

వచ్చిండ్రు. తెల్లటి డబ్బా, రెండే టైర్లు,
లోపల పొయ్యి, మంచం, కిటికీకి పూల పరద.
గల్లీల తిప్పరాక ముందుకు ఎనకకు
ఆరుసార్లు ఆడింది జీపు.
పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు.

"రెండు సైకిళ్లకు జాగ కావాలె ఎల్లేశం,
ఒక తంబు, నాలుగు కుర్చీలు, నీళ్ల క్యాన్లు సుత"
అన్నడు భగీరథ సారు.
డబ్బా ఎనక గోడ చూపిచ్చిండు.
చూపిచ్చిన కాడ చేసిన.

పెడలుకు పెడలు గీరకుండ నడుమ పాత చద్దరు,
చుట్టు ట్యూబు ముక్కల బిగింపు.
నంబరు ప్లేటు కనబడ్తలేదని జమీల్ అంటే
ప్లేటు కిందికి దించిన,
ఎర్ర లైట్లకు వైరు పొడుగు చేసిన,
అవి సాలయని ఒక ఎర్రగుడ్డ కట్టిన,
సలాకల ట్రాలీకి కట్టినట్టు.

ఔటర్ రింగు సర్వీసు రోడ్డు మీద చూసినం.
నలభైల మంచిగనే ఉన్నది.
అరవైకి తోక ఊపుడు షురూ చేసింది,
ముందుగాల కుక్కపిల్ల లెక్క,
ఎన్కసీరి కోపానికొచ్చిన బర్రె లెక్క.
ఎనక సీట్ల కూసున్న నాకు
నేను కొట్టిన వెల్డింగ్ మొత్తం యాదికొచ్చింది,
ఒక్కొక్క టాకా.
సారు బ్రేకు తొక్కలె, అదొక్కటి మంచి పని.
కాలు తీసేసిండు. దానంతట అదే నిమ్మళించింది.

తప్పు నాదే.
పదమూడేండ్లకు కిరాయి సైకిల్ మీద
గ్యాస్ బండలు మోసినోణ్ని.
ఎనక రెండు బండలు కడ్తె
ముందు చక్రం గాలిల తేలుతది,
హ్యాండిల్ మాట వినది.
హ్యాండిల్‌కు పిండి సంచి ఒకటి తగిలిస్తె వింటది.
అప్పుడు తెల్సినది
నలభై ఎనిమిదికి మర్చిపోయిన.

కోసేసిన అంత.
క్యాన్లు, కుర్చీలు, తంబు ఇరుసు మీదికి జరిపిన.
సైకిళ్లను ముందటికి తెచ్చి
డబ్బాకు కొక్కేనికి నడుమ నిలబెట్టిన.
పాత ఇన్పసామాను షబ్బీర్ తాన కాంటా తెచ్చి
కొక్కెం కింద పెట్టినం.
ఇంకా పదిహేను కిలోలు తక్కువ.
"ఇటుకలు పెడ్దమా?" అన్నడు జమీల్.

అప్పటిదాంక పలకని హైమావతి మేడం
ఆటో పిలిచి యాడికో పోయింది.
గంటకు తిరిగొచ్చింది.
ఆటో ఎనక తాళ్లతోని కట్టి
ఒక లేడీస్ సైకిల్.
చైను లేదు. సీటుకు పాలకవరు.
గంట నిండ తుప్పు.
"మందుల ఫ్యాక్టరీకి దీని మీదనే పోయేదాన్ని,
మూసిన రోజు దాంక."
మోకాలు చూపిచ్చి ఊకున్నది.

"ఇగ ఎవ్వలు తొక్కరు గద మేడం?"
"తొక్కరు."
"మరి?"
"బరువు కావాలన్నరు గద."

దీన్ని అమ్మేద్దమని సారు
ఎన్నిసార్లన్నడో నాకు తెల్వదు.
ఆయన మొకం చూస్తె కొంత తెల్సింది.

ఎక్కిచ్చిన. ముల్లు కదిలి
గీతకు రెండు కిలోలు అవతల ఆగింది.
షబ్బీర్ కాంటా కాబట్టి సరేననుకున్న.
బిల్లుల రెండు సైకిళ్లే రాసిన.

మళ్ల అదే రోడ్డు. అరవై. డెబ్బై.
అద్దంల చూస్తె డబ్బా మా ఎనకనే,
కొంగు పట్టుకున్న పిల్ల లెక్క.
స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్ల
ఆ తుప్పు గంట ఒక్కసారి టింగుమన్నది.
ముందట సీట్ల మేడం తిరిగి చూడలె.
ఒళ్లె పెట్టుకున్న చేతిల
బొటనవేలు మాత్రం
కొద్దిగ కదిలింది.