పేరుకు ఇరవై గడులు

ఎనుమాముల యార్డులో పొద్దున నాలుగున్నరకే
దగ్గు మొదలైతది.
మిర్చి ఘాటు కంప్యూటర్ ఫ్యానులకు కూడ పోతది,
వారానికొకసారి మూత విప్పి ఊదుత.
నా పని తక్‌పట్టీలు కొట్టుడు.
అడ్తి దుకాణం వెనక రేకుల గది,
ఒక ప్రింటరు, సగం తాగిన చాయ్.

నాకంటె ముందు చేసిన సారంగపాణి
ఒక షెల్ స్క్రిప్టు రాసిపెట్టి కరీంనగర్ పోయిండు.
నలభై వరుసలు. ఒక్క కామెంటు లేదు.
నడుమ ఒకచోట

printf "%-20.20s %5d %9d\n"

పేరుకు ఇరవై గడులు, ఎడమకు ఒరిగి.
బస్తాలకు ఐదు, కిలోలకు తొమ్మిది, కుడికి ఆనుకొని.
పేర్లు ఇంగ్లీషుల కొట్టినన్ని రోజులు
పట్టీ సాళ్లు తోలినట్టే ఉండె.
రైతు పేరు తెలుగుల పడాలె అన్నడు సేటు.
కొట్టిన.
సాళ్లు వంకర పోయినయ్.

సక్రి అంటే మన కంటికి రెండక్షరాలు.
దానికి పదిహేను.
స, క, పొల్లు, ర, పైన గుడి,
ఒక్కోదాన్ని మూడు బైట్ల లెక్కన
కాంటా మీద పెట్టి తూస్తది.

ఆమె పేరు మాలోతు సక్రి. గూడూరు దిక్కు తండా.
ఇరవై కాడ కోసెయ్యమన్నడు గదా సారంగపాణి,
మాలోతు అయ్యేసరికే పద్దెనిమిది,
నడుమ ఖాళీకి ఒకటి,
ఇంక మిగిలింది ఒక్క బైటు.
స-ల మూడోవంతు.
ఇంటిపేరు పడ్డది, మనిషి పడలేదు.
మనిషి జాగల ఒక నల్ల పలక,
దాంట్ల తెల్లగ ప్రశ్నార్థకం.

పట్టీని అటు తిప్పి ఇటు తిప్పి
"గిది నేనేనా బిడ్డా?" అన్నది.

ఉండమ్మా అని స్క్రిప్టు తెరిచిన.
పేరు కోసం పోతే తూకం దొరికింది.
పైన నాలుగు వరుసల్లో
ఒక్కో బస్తాను %d తోని పాయింటు కాడ తెంపి
తెంపిన వాటినే కూడిండు.
నలభై ఒకటిన్నర తెచ్చిన బస్తా నలభై ఒకటే.

పాలిటెక్నిక్‌ల సుధామతి మేడం అనేది:
సి భాషల దశాంశాన్ని పూర్ణాంకం గడిల పోస్తే
అది తిట్టదు, చెత్త అచ్చేసి ఊకుంటది.
షెల్ నయం. ఇది అంకె కాదని అరుస్తది.
అరిచింది కూడ. ఇరవై మూడు బస్తాలకు ఇరవై మూడుసార్లు.
ఆ అరుపులన్నిటిని సారంగపాణి
డెవ్‌నల్‌ల కుక్కిండు.
కావాలనా, సప్పుడు పడకనా,
నాకు తెల్వదు.

తోకలు కూడితే పదకొండు కిలోల రెండు వందల గ్రాములు.
క్వింటాలు పద్నాలుగు వేలకాడ
పదిహేను వందల అరవై ఎనిమిది రూపాయలు.

వరుస మార్చిన.
ముందు బస్తాలు. తర్వాత కిలోలు, పాయింటు కింద మూడంకెలు.
పేరు ఆఖర్న.
"రైతు పేరు ముందుండాలె గదా" అన్నడు సేటు.
ముందుంటే కోస్తుంది సార్,
ఆఖర్న ఉన్నోళ్లకు గడులు అక్కర లేదు,
ఎంత సాగినా పక్కోళ్లు జరగరు.
తొందరల కొత్తవరుస గుర్తు మరిచిన,
తర్వాతి రైతు తూకం వచ్చి ఆమె పేరుకు అతుక్కున్నది.
మళ్ల కొట్టిన.

సేటు పదకొండు కిలోల దిక్కు శానసేపు చూసిండు.
ఇచ్చిండు. నవ్వలే.
సక్రి పట్టీని నాలుగు మడతలేసి
ఫోను వెనక కవరు ఊడదీసి అందుల పెట్టింది,
మళ్ల తీసి, ఆఖరి పేరు మీద గోరుతోని గీకి చూసింది,
రంగు పోతదేమోనని.

మూడేండ్ల పాత ఫైళ్లు మెషిన్లనే ఉన్నయ్.
ఒక్క లూపు నడిస్తే
రాత్రికి రాత్రి అందరి గ్రాములు తేల్తయ్.
లూపు రాసిన.
చాయ్ చల్లారింది,
ఎంటర్ మీద వేలు పెట్టి కూసున్న.