ఆటు

మోర్కంలో సముద్రం మాట మీద నిలబడదు.
పొద్దున కిటికీ కిందే ఉంటుంది,
మధ్యాహ్నానికి కనుచూపు మేరా బురదే,
ఎవరో దుప్పటి లాగేసిన మంచంలా.

నాది రాత్రి డ్యూటీ. పన్నెండో నంబరు గది.
డొరీన్ హెస్కెత్. తొంభై ఒకటి. చూపు లేదు.
మాత్రలు మింగాక నవల చదవమంటుంది.
లైబ్రరీవాళ్ళు తీసిపారేస్తుంటే
అర పౌండుకి కొన్నాను, అట్ట మీద టీ మరకతో సహా.
ప్రతి వాక్యాన్నీ లోపల తెలుగు చేసుకుంటూ
ఆగి ఆగి చదువుతాను.
అది నా నటన అనుకుంటుంది డొరీన్.

ఆ నవల్లో ఒక ఊరు.
సముద్రం ఒకరోజు వెళ్ళి మరి రాదు.
ఎవరూ ఆశ్చర్యపోరు.
పడవలకి చక్రాలు బిగిస్తారు.
చేపలవాడు ఉప్పు వాసనని
సోలతో కొలిచి అమ్ముతాడు.
ఒకావిడ మాత్రం రోజూ రెండు కప్పులు కడుగుతుంది.
తాగేది ఒక దాన్లోనే.
రెండోదాని అడుగున తెల్లారేసరికి
కాస్త తడి ఇసుక.

ఏమైంది ఆమెకి? అంది డొరీన్.
నాకున్న ఇంగ్లీషంతా గాలించాను.
దుఃఖం కాదు. ఎదురుచూపూ కాదు, ఎవరొస్తారని?
బెంగ, అన్నాను. బెంగ పెట్టుకుంది.
పెట్టుకోవడమా? టోపీలాగా?
టోపీలాగే. తీయడమే తెలీదు.
చాలాసేపు నవ్వింది. పళ్ళు గ్లాసులో ఉన్నాయి కదా,
ఆ నవ్వుకి అంచుల్లేవు.
తర్వాత గోడవైపు తిరిగి
బెంగ, బెంగ, అని
రెండుసార్లు రుచి చూసుకుంది.

ఆ వారమే, పక్క మారుస్తుంటే
దుప్పటి మడతలో ఇసుక.
పెద్ద నర్సు ప్రిసిల్లాకి చెప్తే
కిటికీ మూయి, అంది రిజిస్టర్లోంచి తలెత్తకుండా.
ఆ కిటికీ తెరుచుకోదు.
మేకులు కొట్టి చాలా ఏళ్ళయింది.

పదిహేడో అధ్యాయం సగంలో ఉండగా
డొరీన్ పోయింది. మంగళవారం, నా సెలవు రోజు.
గది కడిగేశారు.
తలుపు మీద పేరు చీటీ పీకేస్తే
జిగురు మిగిలింది.

కొత్తవాళ్ళు వచ్చేలోగా రెండు రాత్రులు
ఖాళీ మంచం పక్కన కూర్చుని
మిగతాది పైకే చదివాను.
సముద్రం తిరిగొస్తుందేమోనని. రాలేదు.
చివరి పేజీలో ఆవిడ
రెండు కప్పులూ బోర్లించి దీపం ఆర్పుతుంది.
అంతే.

మా భాషలో ఆటు వెనకే పోటు, డొరీన్.
విడదీసి ఎవరూ పలకరు.
పోటంటే పక్కటెముకల్లో గుచ్చుకునేది కూడా.
ఇది చెప్పడానికే
బుధవారం కాస్త ముందొచ్చాను.

ఇంటికెళ్ళి టీ పెట్టుకున్నాను.
కప్పు ఒకటే తీశాను, లెక్కపెట్టి మరీ.
సింకులో రెండున్నాయి.
ఏది నాదో తెలీక
వంగి, వాసన చూశాను.