మూడు తక్కువ

నవనీతా, పైన "గౌరవనీయులైన" రాసుడైపోయిందా?
ఇగ రాయి.
బూడిద ముత్తిలింగం, తాళ్ళు గీసేటోడు, చండూరు మండలం.
"గీసేటోడు" కొట్టెయ్యి.
గీసినోడు.

నల్లగొండ క్యాంపుల నాకు ముప్పై ఏడు ఇచ్చిండ్రు.
నలభై ఉంటెనే పింఛనంట.
ఇంకో మూడు మూరలు పైనుంచి పడాల్సుండె
అని రాయకు, నవ్వుతరు.

పడ్డదెట్లనో రాయి.
పోతుతాడు. తెల్లారంగ మంచుకు తడిసి జారుడున్నది.
మోకు తెగలే. మోకు మీద నింద వద్దు,
నా చేతుల్తోటి పేనిన మోకు అది.
గుజి జారింది.
లొట్టి నాకన్న ముందుగాల కింద పడ్డది,
అది పగిలిన సప్పుడు గాల్ల ఉండంగనే విన్న.
ఇది అర్జీల రాస్తరా?
రాయి.

క్యాంపు దినం అండాలు
నాకు గడ్డం గీయించింది, ఉతికిన అంగి తొడిగింది,
పెద్ద సార్ల ముందలికి పోతున్నమని.
డాక్టరు నిలవడు అన్నడు, నిలవడ్డ.
కాలు లేపు అన్నడు, లేపిన.
లేసినంత కాదు బిడ్డ,
పండ్లు కరుసుకోని దానికి మించి లేపిన.
ముప్పై ఏండ్ల సంది ఎవ్వడన్న ఎక్కమంటె
ఎక్కలేనన్న నోరు కాదిది.
ఆయన ఏందో రాసుకున్నడు.
నాకు మెచ్చుకున్నట్టే అనిపిచ్చింది.
తిరిగొచ్చేటప్పుడు ఆటోల
నొప్పికి ఆగలేక అండాలు చెయ్యి కొరికిన.
ఆ గాటు వాళ్ళ కాయిదంల లేదు.

ఇగ ఆ మూడు ఏడున్నయో చెప్త, రాసుకో.
మంచం కాడికెళ్ళి గడప దాక ఒకటి.
గడప కాడికెళ్ళి దొడ్డి దాక ఒకటి,
నడిజాము రాత్రి అండాలు లేసి
నన్ను సంకల చెయ్యేసి పట్టుకపోతది,
ఆమె నడుము ఎన్నడో పోయింది, ఆమెకెవ్వరు పర్సెంటు వెయ్యలే.
మూడోది...
జరంత అటు తిరుగు బిడ్డ.
ఒంటికి నాకు తెల్వకుంటనే పోతది.

రాసినవా? ఎట్ల రాసినవ్?
వద్దు, పైకి సదవకు. అండాలు పొయ్యికాడ్నే ఉన్నది.
ఆమెకు తెల్వనిదేం కాదు, బట్టలు పిండేది ఆమెనే.
కాని నా నోట ఎన్నడు వినలే.

కింద "దయతో" అని రాస్తరట అందరు.
ఉండనీ, రాసేది రాయి.
దాని పక్కన ఇంకోటి రాయి,
మళ్ళొకసారి కొలువుండ్రి అని.
ఈసారి ఎంత లేస్తదో అంతనే లేపుత,
ఎల్లమ్మ తోడు.

సంతకమా? నాకొస్తది.
ఏడో తరగతి దాక సదివిన, గొలుసు రాత నాది.
ఆగు.
సక్కగ పెడితె మనిషి బాగనే ఉన్నడంటరేమో.
ఆ ఇంకు డబ్బ ఇటు తే, ఏలు ముద్రేస్త.

ఉండు ఉండు.
పెన్నే ఇయ్యి.