ఏడో బోల్టు

కుపండోల్ ఎత్తు సగం ఎక్కేసరికి
మళ్ళీ అదే వాసన, రబ్బరు మాడుతున్నట్టు.
దిల్‌సరా టెంపోని వారకి తీసింది.
పదకొండు మందీ దిగారు, గొణుక్కుంటూ, చిల్లర వెనక్కి తీసుకుని.

మెయిన్ ఆపి, సీటెత్తి,
అరచేతిని ఆనించకుండా
ఒక్కో బోల్టు మీదుగా పోనిచ్చాను, జ్వరం చూసినట్టు.
ఏడోదాని దగ్గర
చెయ్యి దానంతటదే వెనక్కొచ్చింది.

"నిన్ననేగా బిగించాను!"
స్పానర్‌ని సాక్షిలా నా ముందుకు చాపింది.
నిజమే. బిగువులో తప్పేం లేదు.
చల్లారనిచ్చి విప్పితే
సీసపు దిమ్మకీ రాగి చెవికీ నడుమ
ఇనప వాషరొకటి, నీలంగా కమిలిపోయి.

"వదులైపోతోందని నేనే వేశా" అంది, మెల్లగా.

రాగీ సీసమూ ఒంటికి ఒళ్ళు తగలాలి, దీదీ.
వాషర్ చోటు పైన, నట్టు కింద.
ఇంతకుమించి ఏమీ అనలేదు.
గరుకు కాగితంతో రుద్దుతుంటే
రాగి లేత ఎరుపు తేలింది.

ఎత్తు పైకెక్కాక తనే ఆపింది.
మెయిన్ కట్టేసి, సీటెత్తి, ఏడోదాన్ని తాకింది.
వెనక హారన్లు.
చెయ్యి తియ్యలేదు.
రెండో చేతిలో
ఆ కమిలిన వాషర్, ఇంకా.