తట్టే మీట లేదు

కార్డు పెట్టెలో పట్టలేదు.
పక్క రేకు ఊడదీసి గోడకి ఆనించాను.
బరువుకి దాని ముక్కు కిందికి వాలుతుంటే
ఖాళీ ఇంగువ డబ్బా ఒకటి ఊతం పెట్టాను.
మూడు ఫ్యాన్లు. రెండు నెలల అద్దె.
స్వాన్సీలో, సముద్రం వైపున్న ఈ రెండో అంతస్తులో
నాదనుకునే వస్తువుల్లో
ఇదే ఖరీదైనది.

అమ్మబోతే అడవి అంటారే, అదీ పాత కార్డు.
దాని వయసు మూడేళ్ళే.
"ఇంకా ఉందా?" అన్నాడు షాపులో ఇవాన్,
ఎప్పుడో పోయాడనుకున్న ముసలాయన
బజార్లో ఎదురైనట్టు.

ఆట మొదలైంది.
వాన.
అబ్బ, ఏం వాన!
రాతి బాట మీద ఒక్కో చినుకూ పగిలి
పగిలిన ప్రతి తునకలోనూ ఒక లాంతరు.
గుర్రం జూలు తడిసి పాయలు కట్టింది.
మూలన పచ్చ అంకె, నూట నలభై నాలుగు.
సెకనుకి అన్నిసార్లు
లోకాన్ని చెరిపి మళ్ళీ గీస్తోందట.

సత్రం గుమ్మంలో రొట్టెలవాడు తలెత్తి
"గాలి మారుతోంది, దొరా" అన్నాడు.
పదహారేళ్ళ కిందట, మొదటి భాగంలో,
వాడి మొహం ఆరు పలకలుగా ఉన్నప్పుడూ
ఇదే అన్నాడు.
అప్పుడు నోరు కదిలేది కాదు.
ఇప్పుడు పెదవి మీద పొక్కు కూడా కనిపిస్తోంది.
మాట అదే.

పగలు నా పని ఎముకల ఫొటోలు తీయడం.
అక్కడ చుక్కలు పెరిగితే ఊరికే పోవు.
కొత్త మిషను వచ్చిన వారంలోనే
పాల వ్యాను నడిపే ఒకాయన మణికట్టులో
వెంట్రుకంత బీట దొరికింది.
పాతది రెండుసార్లు ఏమీ లేదని
ఇంటికి పంపేసిన చెయ్యి అది.
లోపల ఏదో ఉండాలి.
అది కనబడాలి.
స్పష్టతంటే నాకు తెలిసింది అంతే.

మొన్న పొరపాటున
కెమెరా రొట్టెలవాడి తలలోకి దూరింది.
వెనకనుంచి రెండు కనుగుడ్లు,
ఒక పళ్ళ వరస.
మిగతాదంతా బోలు.
ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో
అలాంటి ఎక్స్‌రే నేను తీయలేదు.

పదకొండింటికి కింది ఫ్లాటు గ్లెనిస్ పైకొచ్చింది.
"ఈ వేళప్పుడు వాక్యూమ్ పట్టావా?"
ఫ్యాన్ల మోత.
చూపించాను. కూర్చుంది.
ముప్ఫై ఏళ్ళు బడి ముందు
గుండ్రటి బోర్డు పట్టుకుని, కార్లు ఆపి
పిల్లల్ని దాటించిన మనిషి,
వాన సంగతి ఆమెకి చెప్పాలా.
"బావుంది," అంది. "కానీ నిలువుగా పడుతోంది.
వాన పక్కనుంచి కొట్టాలి, చెవిలోకి."

కార్డు ఊదే వేడికి చేతులు చాపి
నీలం తలుపొకటి చూపించింది.
"అందులో ఎవరుంటారు?"
ఎవరూ ఉండరు, అది గోడ మీద బొమ్మ, అన్నాను.
"తట్టి చూడు."
కీబోర్డు మీద నూట నాలుగు మీటలు.
పరిగెత్తడానికి, కత్తి దూయడానికి, గుర్రం ఎక్కడానికి,
వంగి దొంగిలించడానికి కూడా ఉంది.
తట్టడానికి లేదు.
"పోన్లే," అంది లేస్తూ.
"చెక్క మీద గీతలన్నీ వేశారు పాపం."

కెటిల్ పక్కన కరెంటు మీటరు ఎర్రగా ఉంది.

ఆమె వెళ్ళాక మొదటి భాగం పెట్టాను.
దానికి కార్డు నిద్ర కూడా లేవలేదు.
ఫ్యాన్లు ఆగిపోయాయి, గది చల్లబడింది.
వానంటే తెల్లటి గీతలు.
నీలం తలుపు అప్పుడూ ఉంది,
అరచేతంత రంగు, అంతే.

గంటకి పదిహేను రూపాయలిచ్చి
నెట్ సెంటర్లో ఆడే రోజుల్లో
దాని వెనక ఎవరున్నారో నాకు తెలుసు.
ఒకామెకి దగ్గు.
ఆమె పిల్లికి ఒక చెవి లేదు.
మేడమీద గదిలో ఇంకొకాయన ఉండేవాడు,
ఉప్పు అమ్మేవాడో, పటాలు గీసేవాడో.
పేరు కూడా పెట్టాను.
ఎంత ఆలోచించినా
గుర్తు రావడం లేదు.