నమూనా పట్నం

అజ్మాన్‌ల, సముద్రం పక్కన
ఇంకా కట్టని పట్నం ఒకటున్నది.
పెద్ద బల్ల మీద పరిచి అమ్ముతరు.
దాని దుమ్ము దులిపే కొలువు నాది.
చేతుల మెత్తటి రంగుబ్రష్షు, కాళ్లకు గుడ్డతొడుగులు,
మూతికి మాస్కు. ఊపిరి గట్టిగ విడిస్తే
నడివీధిల ఒక కుటుంబం కూలిపోతది.

నిజం జెప్పాల్నంటె, మొదటి వారం
రెండుసార్లు కావాల్ననే ఊదిన.

చిటికెనవేలి గోరంత మనుషులు.
సూటు వేసుకున్నోడు, కుక్కను పట్టుకున్నామె,
బెంచీ మీద మూడేండ్ల సంది
ఒకటే పేజీ చదివే ముసలాయన.
వాండ్ల నెత్తి మీంచి నా చెయ్యి మబ్బులెక్క పోతుంటె
ఐదున్నర అడుగులు కూడ లేని లింబాద్రికి
ఎన్నడు లేని గర్వం.

ఆ పట్నపు సముద్రం రెసిన్‌ది. అలలు గడ్డకట్టినయి.
అయినా ఇద్దరు సేట్లు దానికోసం కొట్లాడిన్రు:
పంతొమ్మిదో అంతస్తుల నీళ్లు ముందుగాల నాకే కనిపిస్తయని ఒకరు,
ఇరవైల నీ నెత్తి మీదనే ఉంటనని ఇంకొకరు.
వంగి, ఒక కన్ను మూసి, చెంప బల్లకానిచ్చి
లేని బాల్కనీల కెళ్లి లేని సముద్రాన్ని చూసిన్రు.
వెనుక, అద్దం అవతల, అసలుది
పొద్దంత ఒడ్డును గుద్దుతనే ఉన్నది.
అటు తిరిగినోడు లేడు.

రాత్రి బస్సు దిగితే నేను మళ్ల చిన్నగైత.
గేటుకాడ వాచ్‌మన్ కార్డును చూస్తడు, మొకాన్ని చూడడు.
జుర్ఫ్‌ల మా రూముల పదిమందిమి, రెండు పార్టీలు:
గంజి వార్చేటోళ్లు, ఎసరు ఇగిరిచ్చేటోళ్లు.
వార్చిన అన్నమే మర్యాద అంటడు రాజలింగు.
గంజి పారబోసుడంటె బలం పారబోసుడే అంటడు భూమన్న.
రంజాన్ ముంగట మొదలైన పంచాయితి
కుక్కర్ విజిల్ మాయమయ్యేదాక వచ్చింది.
మంచాల నడుమ నల్లటేపు గీత పడ్డది.
నేను వార్చేటోళ్ల దిక్కు. ఎందుకో అడుగకున్రి.
విజిల్ దాచింది నేనే.

ఒకనాడు దులుపుతుంటె తట్టింది,
ఈ పట్నంల అందరున్నరు గని దులిపేటోడు లేడు.
అగ్గిపుల్ల చెక్కి, నీలం పెన్నుతోని కవరాల్ తొడిగి,
దారప్పోగు చీపురు చేతికిచ్చి
కుక్క పట్టుకున్నామె వెనుక నిలబెట్టిన.

మూడోనాటికి దొరికిండు.
భూతద్దం తెచ్చిన్రు, ఫోటోలు పంపిన్రు, మీటింగు పెట్టిన్రు.
ఎవడు వీడు? ఏ ఫేజుల వచ్చిండు?
ప్లానుల ఉన్నడా?
కొన వచ్చినామె ఒకతి అడిగింది,
ఈ మనిషి మెయింటెనెన్సుల కలిసే వస్తడా, సపరేటా?
కలిసే, మేడం, అన్నడు సేల్సు పిలగాడు.
ఆ పూట రెండు ఫ్లాట్లు అమ్ముడుపోయినయి.

దాంతోని హుకుం: ఇసుంటోళ్లు ఇంకో నలభై మంది కావాలె.
అగ్గిపుల్లలు పనికిరావు.
ప్లాస్టిక్‌వి, చైనా నుంచి, నవ్వు మొకాలవి.

నావాణ్ని చెత్తబుట్టల కెళ్లి ఏరుకొచ్చుకున్న.
ఇప్పుడు బియ్యం డబ్బా మూత మీద,
గీతకు సరిగ్గ నడుమ నిలబడ్డడు.
మా దిక్కే చూస్తుండు, అన్నడు రాజలింగు.
మొకమే లేదు, ఎట్ల జూస్తడు? అన్నడు భూమన్న.
లైటు బందు చేసినంక గూడ వాదులాట ఆగలే.

తెల్లారి లేచి చూస్తే
వాని చీపురు గంజి దిక్కు తిరిగి ఉన్నది.
ఎవరు తిప్పిన్రో
నేనైతె చెప్ప.