ఎండిన పాలు

టవర్లో గాలి నూట ఎనభై డిగ్రీలు.
మంచులా దూకిన పాలు
అడుగు తాకేలోగా పిండి.
పొంగడానిక్కూడా తీరిక ఉండదు.

ల్యాబ్‌లో నా రిజిస్టరు:
సి విటమిన్, ఉన్నదే కాస్త, అదీ పోయింది.
బి వన్ కొంత తరిగింది.
లైసీన్ తర్వాత పోతుంది, మెల్లగా,
బెజవాడ ఎండకి గోదాములో
పిండి పచ్చబడే దగ్గర.
కాల్షియం మొండిది. కదల్లేదు.

"చచ్చిన పాలమ్మా అవి" అనేది
పాయకాపురం నాంచారమ్మ,
కేను బోర్లించి ఆఖరి చుక్క విదిలిస్తూ.
నేను అంకెలు చెప్పేదాన్ని.
ఆమె సింగారి ఆ పూట ఏం మేసిందో చెప్పేది.

బుడమేరు మా మెట్లెక్కిన మూడోరోజు
పడవలో వచ్చిన పొట్లం మీద మా బ్యాచ్ నంబరు.
మేడ మీద వాన నీళ్ళు కాచి
నాంచారమ్మే గిలకొట్టింది.
ఉండలు కట్టాయి. మూతి విరిచింది.
మనవడికి పట్టి
గ్లాసు అడుగు వేలితో తుడిచి నాకింది.

"ఇందులో మా సింగారివి ఉంటాయంటావా?"

నడుంలోతు నీళ్ళలో, చీకట్లో,
పలుపు కోసి వదిలేసిన గేదె.

పొట్లం తిప్పి తేదీ చూశాను. జూలై.
ఉండొచ్చు పిన్నీ, అన్నాను.
వేలు మళ్ళీ గ్లాసులోకి పోయింది.